ఫోనుకు ఎవరి అట్టలు?



2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి దేశాలు దాటి వెళ్లి ఐఫోన్లను పడగొట్టింది. జ కింద ఞ వత్తు పెట్టి దీర్ఘం ఇస్తామే, జ్ఞానంలో మొదటి అక్షరం, అదే. మామూలుగా జ్ఞానం అని రాసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. ఆ వత్తుకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని గుర్తు ఒకటి దూరితే మాత్రం, ఆ ముక్కను తెరమీద ఎలా గీయాలో తెలియక ఫోను చతికిలబడేది. మెసేజ్‌ల యాప్ తెరిస్తే మూసుకుపోయేది, మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. తెలుగు ముక్క రాని ఆకతాయిలు కూడా ఆ అక్షరాన్ని పట్టుకుని ఒకరికొకరు పంపుకున్నారు. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ 11.2.6 అనే అప్‌డేట్ విడుదల చేసింది. అది వేసుకున్న ఫోనుకు జబ్బు వదిలింది.

ఎవరూ ఫోను విప్పలేదు. స్క్రూ తిప్పలేదు, పార్టు మార్చలేదు. మారింది లోపలి ఫర్మ్‌వేర్.

ఈ మాటకు అర్థం చెప్పడానికి మా ఊరు నగరిలో నిఘంటువు అక్కర్లేదు. ఏకాంబరకుప్పం వీధిలో నిలబడి మరమగ్గాల చప్పుడు వింటే చాలు. జకార్డు పెట్టిన మగ్గాన్ని చూసినవాళ్లకు తెలుసు: ఇనుము అదే, పడుగు అదే, పేక అదే. పైన చిల్లులు పొడిచిన అట్టల దండ తిరుగుతూ ఉంటుంది. ఏ పోగు లేవాలో, ఏ పోగు అణగాలో ఆ చిల్లులు చెబుతాయి. అట్టలు మార్చితే అంచు మారుతుంది, మగ్గం మారదు. ఫోనులో ఆ అట్టల దండే ఫర్మ్‌వేర్. కంపెనీ కట్టి పంపిన అట్టలు అధికారికం. బయటివాళ్లు చిల్లులు పొడిచి ఇచ్చినవి కస్టమ్. మన పిల్లలు దాన్నే కస్టమ్ రోమ్ అంటారు. ర్యామ్ వేరు, రోమ్ వేరు. ఈ రెంటినీ కలిపేసి కొట్లో పేచీ పెట్టుకునేవాళ్లను నేను చూశాను.

మగ్గానికీ ఫోనుకూ ఒక తేడా ఉంది. మగ్గం కొన్నాక దానికి ఎవరి అట్టలు కట్టుకుంటారని అమ్మినవాడు అడగడు. ఫోనులో మాత్రం కంపెనీ ఒక తాళం వేసి పంపుతుంది. స్విచ్ నొక్కగానే అన్నిటికన్నా ముందు లేచే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుంది, బూట్‌లోడర్. అది పైకి లేచే ప్రతి ముక్క మీదా కంపెనీ సంతకం ఉందా అని చూస్తుంది. సంతకం లేకపోతే తలుపు తెరవదు. ఆ తాళం తీయడమే బూట్‌లోడర్ అన్‌లాక్.

ఇప్పుడు మన జిల్లా కథ ఒకటి చెప్పాలి.

2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సమక్షంలో షావోమీ కంపెనీ ఒక ఫోను విడుదల చేసింది. రెడ్‌మీ 2 ప్రైమ్. ధర 6,999 రూపాయలు. ఆ కంపెనీ భారతదేశంలో తయారు చేయించిన తొలి ఫోను అది. తయారైంది ఎక్కడో కాదు, సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ వాళ్ల ఫ్యాక్టరీలో. అప్పటికి అది చిత్తూరు జిల్లా. 2022లో జిల్లాలు విడిపోయాక తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, నగరి చిత్తూరులోనే మిగిలింది. మా వైపు పల్లెల ఆడపిల్లలు బస్సెక్కి వెళ్లి ఫోన్లు బిగించి వచ్చే రోజులు మొదలయ్యాయి. ఎందరి జేబుల్లోకో వెళ్లిన వస్తువు మన పొలిమేరలో తయారైందంటే గర్వంగానే ఉంటుంది.

ఆ ఫోనులో కంపెనీవాళ్లు పెట్టిన అధికారిక ఫర్మ్‌వేర్ పేరు మియుఐ. దాని పుట్టుక చూస్తే నవ్వొస్తుంది. 2010 ఆగస్టులో మియుఐ బయటికి వచ్చేనాటికి షావోమీ దగ్గర సొంత ఫోను ఒక్కటి కూడా లేదు. వేరే కంపెనీల ఫోన్ల తాళాలు తీసి, వాటిలో వేసుకోవడానికి తయారైన కస్టమ్ రోమ్ అది. నెక్సస్ వన్ లాంటి ఫోన్లలో జనం దాన్ని వేసుకుని మెచ్చుకున్నారు. మరుసటి ఏడాది, 2011లో కంపెనీ తొలి ఫోను వచ్చింది. అంటే మనం అధికారికం అని భక్తిగా వాడుతూ వచ్చినది ఒకప్పుడు ఊరవతల పాకలో పుట్టిన అట్టల దండే. తర్వాత అదే కంపెనీ తన ఫోన్లకు తాళాలు బిగించింది. తాళం తీయాలంటే ఖాతా తెరవాలి, అర్జీ పెట్టాలి, చాలా మోడళ్లకు 168 గంటలు, అంటే వారం రోజులు ఆగాలి అంది. కోడలిగా ఉన్నప్పటి సంగతులు అత్తయ్యాక గుర్తుండవు కదా.

దీనికి ఎదురు కథ సయనోజెన్‌మాడ్‌ది. 2009లో స్టీవ్ కోండిక్ అనే అమెరికా ప్రోగ్రామరు సరదాకి మొదలుపెట్టిన కస్టమ్ రోమ్. లక్షల మంది వాడారు. 2013లో అది కంపెనీ అయింది. 2014లో వన్‌ప్లస్ తన తొలి ఫోనును దానితోనే అమ్మింది. అంటే కస్టమ్ కాస్తా అధికారికం. ఆ ఏడాది డిసెంబరులో పేచీ వచ్చింది. భారతదేశంలో సయనోజెన్ వాడుకునే హక్కు మాకే ఇచ్చారని మైక్రోమ్యాక్స్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. వన్‌ప్లస్ అమ్మకాలకు కొన్నాళ్లు అడ్డు పడింది. డబ్బు పెట్టి ఫోను కొన్నవాళ్లు, మా ఫోనుకు ఇకమీద అప్‌డేట్ ఎవరిస్తారని దిక్కులు చూశారు. వన్‌ప్లస్ తన సొంత ఆక్సిజన్ ఓఎస్ తయారు చేసుకుంది. రెండేళ్లకు, 2016 డిసెంబరులో, సయనోజెన్ కంపెనీ తన సేవలు మూసేసింది. దానికోసం పనిచేసిన ఔత్సాహికులు ఉన్న కోడు మూట కట్టుకుని బయటికి వచ్చి, లినేజ్ ఓఎస్ అని పేరు మార్చి, జీతం లేకుండా ఇప్పటికీ నడుపుతున్నారు. కంపెనీ పోయింది, కోడు బతికింది. ఆండ్రాయిడ్ మూలం అందరికీ తెరిచి ఉంచిన కోడు కాబట్టి అది సాధ్యమైంది. ఐఫోనుకు ఆ వీలు లేదు.

మన శ్రీసిటీ ఫోను విషయానికొస్తే, ఆండ్రాయిడ్ 4.4తో వచ్చిన ఆ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను కంపెనీ 5.1 దాకా నడిపి వదిలేసింది. లినేజ్ వాళ్లు దానికి 7.1 ఇచ్చారు. కన్నతల్లి వదిలేసిన బిడ్డకు పిన్నమ్మ అన్నం పెట్టినట్టు.

కస్టమ్ అంటే తాళాలు బద్దలుకొట్టే దొంగపని అనుకునే పెద్దవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 2010, 11 ప్రాంతంలో మన చేతికి వచ్చిన చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఉండేది కాదు. తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలు. ఒపేరా మినీ అనే బ్రౌజరులో అడ్రసు రాసే చోట ఒక మంత్రం లాంటి ముక్క కొట్టి, బిట్‌మ్యాప్ ఫాంట్లు అనే దగ్గర అవును అని పెడితే, పేజీలోని అక్షరాలు బొమ్మలుగా మారి వచ్చేవి. పేపరు చదవడానికి అదొక్కటే దారి. అది చాలనివాళ్లు ఫోనును రూట్ చేసేవాళ్లు, అంటే యజమానికి కూడా ఇవ్వని తాళంచెవిని సంపాదించేవాళ్లు. లోపలికి వెళ్లి తెలుగు ఫాంటు పెట్టేవాళ్లు. పెట్టినా సుఖం లేదు. అక్షరాలు వచ్చేవి గానీ వత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడేవి. అమ్మ అని రాస్తే అ, మ, పక్కన ఒక పొల్లు, మళ్లీ మ. వత్తును దాని చోట కూర్చోబెట్టే పనితనం ఫాంటులో ఒక్కచోటే ఉండదు, వ్యవస్థలో కూడా ఉండాలి. అది కొన్ని ఫోన్లకు కస్టమ్ రోములతో ముందు వచ్చింది, కంపెనీ నుంచి తర్వాత వచ్చింది. ఆ రోజుల్లో ఫోను తాళం పగలగొట్టినవాళ్లలో అమ్మ అనే మాటను సరిగ్గా చూసుకోవడానికి పగలగొట్టినవాళ్లున్నారు. నేను ఆ జాబితాలో ఉన్నాను. పైగా నగరిలో ఒక్క తెలుగుతో సరిపోదు. తిరుత్తణి చుట్టాల నుంచి తమిళం వస్తుంది. డబ్బాలు రెండు భాషల్లోనూ ఒకే రకంగా ఉండేవి.

అట్లా నాకు పిచ్చి పట్టింది. పట్టిన పిచ్చి ఎక్కడ దిగిందో కూడా చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక శుక్రవారం రాత్రి, అప్పటికి బాగానే పనిచేస్తున్న ఫోనుకు కొత్త రోమ్ వేయబోయాను. అవసరం ఏమీ లేదు, చెయ్యి దురద. పాత ల్యాప్‌టాప్, దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది, వైరు మీదే బతుకుతోంది. సగం ఎక్కేసరికి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ ఆరిపోయింది. ఫోను మాత్రం కంపెనీ గుర్తు చూపిస్తూ అక్కడే ఆగింది. ఆపినా అదే, తెరిచినా అదే. పొద్దున్నే బస్టాండు దగ్గర చిన్న కొట్టుకు తీసుకెళ్లాను. ఇరవై ఏళ్లుంటాయి ఆ పిల్లాడికి. ఫోను చేతిలోకి తీసుకుని నా మొహం చూశాడు.

"ఏం సార్, మీరే కొట్టుకున్నారా సాఫ్ట్‌వేరు?"

అవునన్నాను.

"మాకాడికి వచ్చేవాళ్లలో సగం మంది ఇట్లనే వస్తారు. ప్రాణం ఉండాది లెండి. వణకతా ఉండాదంటే బతికినట్టే."

రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకున్నాడు. ఫాస్ట్‌బూట్ అని తెర వచ్చింది. తన కంప్యూటరులో దాచుకున్న కంపెనీ ఫర్మ్‌వేర్ ఎక్కించాడు. టీ తాగి వచ్చేలోపు ఫోను లేచింది. 300 తీసుకున్నాడు. ఫోను బతికింది గానీ అందులోని ఫోటోలు నేను తాళం తీసినప్పుడే పోయాయి. బూట్‌లోడర్ తాళం తీస్తే లోపలిదంతా చెరిగిపోవడం లోపం కాదు, కావాలనే పెట్టిన కట్టుబాటు. లేకపోతే ఫోను ఎత్తుకెళ్లినవాడు తాళం తీసి మన బతుకంతా చదువుకుంటాడు. సరే, కారణం మంచిదే. మా చిన్నమ్మ కొడుకు పెళ్లి ఫోటోలు ఆ కారణంలో కొట్టుకుపోయాయి. చిన్నమ్మ ఇప్పటికీ పండక్కి వచ్చినప్పుడల్లా ఆ మాట ఎత్తుతుంది.

నాది లోగో దగ్గర ఆగిన రోగం, చిన్నది. దీనికంటే పెద్దవి ఉన్నాయి. 2018లో షావోమీ కొన్ని ఫోన్లలో, అందులో మన దేశంలో విపరీతంగా అమ్ముడైన రెడ్‌మీ నోట్ 5 ప్రో ఒకటి, వెనక్కి వెళ్లకుండా ఒక కట్టడి పెట్టింది. ఫోను లోపల ఒక అంకె ఉంటుంది. కొత్త ఫర్మ్‌వేర్ వేసినప్పుడు ఆ అంకె పెరుగుతుంది, మళ్లీ తగ్గదు. తక్కువ అంకె ఉన్న పాత ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే ఫోను వణకడం కూడా మానేస్తుంది. ఇక ఎప్పటికీ లేవని ఫోనును ఇటుక అంటారు, ఇది నిజంగానే ఇటుక. పాతదే బాగుందని వెనక్కి వెళ్లబోయిన వాళ్లెందరో అట్లా ఇటుకలు చేసుకున్నారు. అందులో పాత లోపాలతో దొంగలు దూరకూడదనే మంచి ఉద్దేశమూ ఉంది. సామ్‌సంగ్ ఫోన్లలో ఇంకో తమాషా. బయటి ఫర్మ్‌వేర్ ఒక్కసారి వేస్తే లోపల నాక్స్ అనే ఫ్యూజు లాంటిది కాలిపోతుంది. తర్వాత కంపెనీ ఫర్మ్‌వేరే మళ్లీ వేసుకున్నా ఆ ఫ్యూజు అతకదు. సెక్యూర్ ఫోల్డర్ లాంటివి ఆ ఫోనులో ఇక ఎప్పటికీ తెరుచుకోవు.

అయినా ఇవన్నీ కాదు అసలు సంగతి. పదేళ్ల కిందట ఫోను పోతే ఫోను పోయేది. ఇప్పుడు ఫోనులో బ్యాంకు ఉంది.

కస్టమ్ రోమ్ వేసిన ఫోనులో బ్యాంకు యాప్ తెరిస్తే అది ముందు గూగుల్‌ను అడుగుతుంది: ఈ ఫోను కంపెనీ పంపినట్టే ఉందా, ఎవరైనా చెయ్యి పెట్టారా అని. ఆ పరీక్షను ఒకప్పుడు సేఫ్టీనెట్ అనేవాళ్లు, ఇప్పుడు ప్లే ఇంటిగ్రిటీ అంటున్నారు. తాళం తెరిచి ఉందని తేలితే చాలా యాప్‌లు తలుపు మూసేస్తాయి. డబ్బు పంపే చాలా యాప్‌ల సంగతి ఇదే. సినిమాలు చూసే యాప్‌లు తెరుచుకుంటాయి గానీ కొన్ని ఫోన్లలో బొమ్మ మసకబారుతుంది, ఎందుకంటే మంచి బొమ్మను కాపాడే తాళంచెవి తాళంతో పాటే పోయి ఉంటుంది. ముదుర్లు దీనికీ ఉపాయాలు కనిపెట్టారు. మాజిస్క్ అని ఒక పనిముట్టు ఉంది, అది చాలాకాలం రూట్ ఉన్నా లేనట్టు నటింపజేసేది. గూగుల్ పరీక్ష మారుస్తుంది, వీళ్లు నటన మారుస్తారు. నెలకోసారి ఈ దొంగాపోలీసు ఆట. ఆడేవాళ్లకు సరదాగానే ఉంటుంది. సంతలో కూరగాయల గంపల ముందు నిలబడి ఆడే ఆట మాత్రం కాదు.

ఈ మధ్య మా అక్కావాళ్లింటికి వెళ్లాను. మా బావకు ఏకాంబరకుప్పంలో ఎనిమిది మగ్గాలున్నాయి. మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నన్ను చూడగానే బావ ఫోను తీసి ముందు పెట్టాడు.

"ఈ ఫోను తెరిస్తే చాలు, యాడో ఒక అడ్వర్టైజ్‌మెంటు. పాటలు పెడితే అడ్వర్టైజ్‌మెంటు, ఫైలు తెరిస్తే అడ్వర్టైజ్‌మెంటు. దుడ్లు పెట్టి కొనింది నేను. నా ఫోను నాదా, వాళ్లదా?"

మేనల్లుడు అందుకున్నాడు. "నాయనా, ఒక్క రాత్రి నాకియ్యి. కంపెనీదంతా పీకేసి కొత్త రోమ్ వేస్తా. వెన్న మాదిరి పోతాది."

బావ అడిగిన ప్రశ్న చిన్నది కాదు. అధికారిక ఫర్మ్‌వేర్ అంటే మన మంచి కోరేది అనుకోనక్కర్లేదు. 2018లో ఇటలీ ప్రభుత్వ సంస్థ ఒకటి ఆపిల్‌కు కోటి యూరోలు, సామ్‌సంగ్‌కు యాభై లక్షల యూరోలు జరిమానా వేసింది, మీరిచ్చిన అప్‌డేట్లు పాత ఫోన్లను నెమ్మది చేశాయని. ఫోనుతో పాటు ప్రకటనలు అమ్ముకోవడం చవక ఫోన్ల వ్యాపారంలో ఒక భాగమని కంపెనీలు దాచుకోను కూడా లేదు.

నేను బావను ఒకటే అడిగాను. "రేపు పొద్దున తొమ్మిదికి ఈ ఫోను పలకలేదనుకో, నీకేమవుతుంది?"

ఆయన లెక్క చెప్పాడు. నూలు వ్యాపారికి డబ్బు పంపేది దీంట్లోంచే. శనివారం కూలి డబ్బులు దీంట్లోంచే. కరెంటు బిల్లు, సేలం నుంచి వచ్చే ఆర్డరు, మా అక్క మాత్రల షాపు, అన్నీ దీంట్లోనే. ఓటీపీ వచ్చే నంబరు కూడా ఇదే.

"అయితే దీన్ని వాడి చేతికివ్వొద్దు" అన్నాను. మేనల్లుడు మొహం మాడ్చాడు.

బావ ఫోనుకు పావుగంట పని చేశాం. సెట్టింగుల్లో ఒక్కో యాప్‌లో సిఫార్సులు అని ఉన్నవి ఆపేశాం. ప్రకటనలు పంపే సిస్టమ్ యాప్ ఒకదానికి అనుమతి తీసేశాం. మొదటిసారి తీస్తే కుదరలేదంటుంది, విసుగు పడకుండా మళ్లీ మళ్లీ నొక్కితే ఒప్పుకుంటుంది. నోటిఫికేషన్లు మూసేశాం. ఆర్నెల్లుగా వాయిదా వేస్తూ వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ వేశాం. ఆ అప్‌డేట్ గురించి ఒక మాట. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక వీడియో మెసేజ్ వస్తే చాలు, ఫోను ఇంకొకడి చేతికి పోయే ప్రమాదం. ఆ దెబ్బతో గూగుల్ ఆ ఆగస్టు నుంచే నెలనెలా భద్రతా సవరణలు ఇవ్వడం మొదలుపెట్టింది. మన శ్రీసిటీ ఫోను పుట్టిన నెలే అది. ఫోను బాగానే ఉంది కదా, అప్‌డేట్ ఎందుకని అడిగేవాళ్లకు నేను ఇదే చెబుతాను. అది మీ ఫోను బాగుకోసం కాదు, ఎదుటివాడు కొత్తగా నేర్చుకున్న దొంగతనాన్ని ఆపడం కోసం.

ప్రకటనలు మొత్తం పోలేదు, చాలావరకు తగ్గాయి. బావకు అది చాలు.

మేనల్లుడికి పని లేకుండా పోలేదు. బీరువాలో 2017 నాటి రెడ్‌మీ నోట్ 4 ఒకటి ఉంది. కంపెనీ దాన్ని ఆండ్రాయిడ్ 7 దగ్గరే వదిలేసింది. ఇట్లాంటి ఫోనుకు భద్రతా సవరణలు ఇక రావు. అంటే అధికారికమైనా దానికి కాపలా లేదు. కస్టమ్ రోమ్‌కు అసలైన చోటు ఇదే. ఆ ఫోనుకు కంపెనీ లోలోపల పెట్టుకున్న కోడు పేరు మిడో. ప్రతి మోడలుకూ ఇట్లాంటి పేరొకటి ఉంటుంది. ఆ పేరు చూడకుండా పెట్టె మీది పేరు చూసి ఫైలు దించుకుంటే ఒక ఫోనుకు ఇంకో ఫోను అట్టలు కట్టినట్టే. మేనల్లుడికి నేను చెప్పింది ఒకటే: ముందు వెనక్కి వచ్చే దారి చూసుకో. ఆ ఫోనుకు కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ ఫైలు ముందే దించి పక్కన పెట్టుకో. ఐఎంఈఐ నంబరు కాగితం మీద రాసుకో. ఆ నంబరుండే చోటును కాపీ తీసి దాచుకో, అది చెడితే సిమ్ ఉన్నా సిగ్నల్ రాదు. లినేజ్ వాళ్ల సొంత పేజీ తప్ప ఇంకెక్కడి ఫైలూ ముట్టుకోవద్దు, ఎవరో మార్చిన రోములో ఏమి కలిపారో మనకు తెలియదు. బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ వాడు. ఈ చివరిది మాత్రం అనుభవం.

చెన్నైలో సెకండ్‌హ్యాండ్ ఫోను కొనేవాళ్లకూ ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఫోను తెరవగానే తాళం తెరిచి ఉన్న బొమ్మ గానీ, ఈ ఫోనును నమ్మలేమనే హెచ్చరిక గానీ కనిపిస్తే, ఎవరో తాళం తీసి అట్టలు మార్చి ఉండవచ్చు. మీరు మార్చుకోవడం వేరు, ఎవరో మార్చి అమ్మడం వేరు. అందులో బ్యాంకు ఖాతా పెట్టుకోవద్దు.

కస్టమ్ అనగానే భద్రత లేనిదనీ అనుకోవద్దు. గూగుల్ పిక్సెల్ ఫోన్లకు గ్రాఫీన్ ఓఎస్ అని ఒకటి ఉంది. దాన్ని వేశాక తాళం మళ్లీ బిగించుకోవచ్చు. కంపెనీ ఫర్మ్‌వేరు కంటే గట్టి కాపలా అని నిపుణులే వాడతారు. 2023 జనవరిలో ఐఐటీ మద్రాసులో పురుడు పోసుకున్న భార్‌ఓఎస్‌ను కేంద్రమంత్రులు ఫోను చేసి మరీ పరీక్షించారు. అదీ ఆండ్రాయిడ్ తెరిచి ఉంచిన కోడు మీద కట్టిందే. ఇంకోపక్క కంపెనీలూ మారుతున్నాయి. పిక్సెల్ 8 నుంచి గూగుల్, ఎస్24 నుంచి సామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్లకు మాట ఇచ్చాయి. ఆ ఫోన్ల ధరలు మాత్రం బావ రెండు నెలల నూలు ఖర్చు.

పది రోజుల తర్వాత మేనల్లుడు ఫోను చేశాడు. మిడో లేచిందట. మొదటిసారి లోగో దగ్గర ఆగిందట, పాత డేటా తుడవడం మర్చిపోయాడు. రెండోసారి ఎక్కింది. "మామా, తెలుగు వత్తులు నీట్‌గా ఉండాయి" అన్నాడు, నన్ను ఎగతాళి చేస్తున్నాడో నిజంగా చెబుతున్నాడో తెలియలేదు.

మొన్న వెళ్లినప్పుడు చూశాను. ఆ ఫోనుకు సిమ్ లేదు, బ్యాంకు లేదు. మగ్గాల షెడ్డులో మేకుకు వేలాడదీసి, వైఫై మీద దించుకున్న పాత పాటలు పెట్టుకుంటున్నాడు మా బావ. ఎనిమిది మగ్గాలూ ఆడుతుంటే పాట ఒక్క ముక్క వినబడదు. "మరెందుకు బావా?" అంటే, "కరెంటు పోయినప్పుడు వినబడతాదిలే" అన్నాడు.